ఆలస్యంగా కూసిన కోయిల

ఇంట్లో ఆమెకు ఓ పేరుండేది. అగ్నిమాపక శాఖలో చేరిన కొన్నాళ్ళకే అది హాజరుపట్టీకి పరిమితమైపోయింది. వైర్లెస్సులో మనుషుల పేర్లు పలకకూడదని ఆ రోజుల్లో గట్టి నిబంధన. బండి మీదున్నవాళ్ళు "కంట్రోల్" అని పిలవాలి, ఆమె "చెప్పండి" అనాలి, అంతే. ఆ ఒంటి పిలుపు చప్పగా తోచిందేమో, ఎవరో ఓ రోజు దాని చివర "అక్క" తగిలించారు. ఆఫీసరు ఒకటి రెండుసార్లు మందలించాడు. కానీ పొగలో గొంతు బొంగురుపోయినవాడు నోరు తిరక్క అన్నాడో, కావాలని అన్నాడో తేల్చేదెవరు? అలా ఆమె మూడు స్టేషన్లకూ కంట్రోలక్క అయింది. తనకన్నా పెద్దవాళ్ళకు కూడా అక్కే.

ఆమె పనిచేసే గది పాత కార్యాలయం పై అంతస్తులో ఉండేది. కిటికీలోంచి చూస్తే ఇళ్ళ కప్పులు, మిల్లు పొగగొట్టం, వాటి మధ్యగా రైలుకట్ట కనిపించేవి. బల్ల మీద రెండు టెలిఫోన్లు, ఓ మైకు, మూడు మీటలు. ఎదురుగా గోడంతా ఊరి పటం. మూడు స్టేషన్ల హద్దులూ మూడు రంగుల్లో గీసి ఉండేవి. రంగులు కలిసే చోట కొన్ని సందులు మాత్రం ఏ రంగూ లేకుండా తెల్లగా మిగిలిపోయాయి. వాటిని హద్దు సందులనేవాళ్ళు. అక్కడ మంట లేస్తే ఏ స్టేషను బండిని పంపాలన్నది ఆపరేటరు ఇష్టం.

ఆమెకు పని నేర్పినవాడు ఉద్యోగ విరమణకు దగ్గరపడ్డ ఓ పెద్దాయన. అందరూ గంట తాత అనేవాళ్ళు. వైర్లెస్సు రాకముందు కబురంతా గంటలతోనే. ఇక్కడ మీట నొక్కితే తీగ వెంట కరెంటు పోయి స్టేషన్లో గంట మోగేది. పేటకో లెక్క. మూడు కొట్టి ఆగి రెండు కొడితే మిల్లు పేట, రెండు కొట్టి ఆగి నాలుగు కొడితే మార్కెట్టు వెనక. స్టేషను చుట్టుపక్కల ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేతిలో గరిటె చేతిలోనే పట్టుకుని గంటలు లెక్కపెట్టుకునేవాళ్ళట, మొగుడు ఎటు పోతున్నాడో తెలుసుకోడానికి. మంట ఆరిందంటే పొడుగ్గా ఒకే ఒక్కటి. మనిషి పోయాడంటే మాత్రం దెబ్బకీ దెబ్బకీ మధ్య ఊపిరి బిగబట్టేంత ఎడం ఉండేది. ఆ గంట తాను కూడా కొట్టానని చెప్పి గంట తాత వెంటనే మాట మార్చేసేవాడు.

ఆమె చేరేనాటికి గంటలు పోయి వైర్లెస్సు సెట్లు వచ్చాయి. ఒక్కో స్టేషనుకు రెండు స్వరాల సంకేతం ఒకటి. కంట్రోల్ గదిలో మీట నొక్కితే ఆ రెండు స్వరాలూ గాలిలో వెళ్ళి, ఆ స్టేషను సెట్టును మాత్రమే తట్టిలేపేవి. మార్కెట్టు స్టేషనుది సన్నగా మొదలై పైకి లేచే స్వరం. దానికి కోయిల అని పేరు పెట్టారు. మిల్లు స్టేషనుది గొంతులోంచి వచ్చినట్టుండే బెకబెక, అంచేత అది కప్ప. ఏటి అవతలి స్టేషనుది సైకిలు బెల్లు.

ఆ తర్వాత అంకెలు. "ఒకటి" అంటే బయల్దేరాం, "రెండు" అంటే చేరాం, "నాలుగు" అంటే మంట అదుపులో ఉంది, "ఏడు" అంటే ఇంకా బండ్లు పంపండి, "తొమ్మిది" అంటే మావాడికి దెబ్బ తగిలింది. "సున్నా" అంటే లోపల చిక్కుకున్నాను. సున్నా వినబడగానే కంట్రోల్ నుంచి పొడుగ్గా మూడు కూతలు వేస్తారు. అవి వినబడ్డాక చిక్కుకున్నవాడూ కంట్రోలూ తప్ప లోకంలో ఎవరూ నోరు మెదపకూడదు. నేర్చుకోడానికి కష్టమేమీ కాదు. ఆ శాఖలో సంసారాలు కూడా అంకెల మీదే నడిచేవి. మిల్లు స్టేషన్లో ఒకాయన అత్తగారు పెట్టెతో దిగిందని తెలిసి, ఇంటి ఫోన్లో పెళ్ళాంతో "ఏడు" అన్నాడని ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వుకున్నారు.

ఆ ఒకాయన పేరు నిచ్చెన. అంటే పెట్టుకున్న పేరు కాదు, పెట్టిన పేరు. మనిషి తాడిచెట్టంత పొడుగు, పైగా నిచ్చెన మోసే పని అతనిదే. నోట్లో నువ్వుగింజ నానదు. మంట నుంచి తిరిగొస్తూ కూడా "నాలుగు, కంట్రోలక్కా, మాడిపోయినవి రెండు తలుపులూ నా మీసమూ" అనేవాడు.

కంట్రోలక్కకు తండ్రి లేడు. తల్లిని చూసుకుంటూ, తమ్ముణ్ణి పెంచుకుంటూ ఉండగానే పెళ్ళి మాట వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి ఎవరూ ఎత్తని మాటయింది. ఆ తమ్ముడు పెరిగి, అక్క వద్దంటున్నా వినకుండా అదే శాఖలో చేరి, మార్కెట్టు స్టేషన్లో పడ్డాడు. ఊరందరికీ అక్కే గానీ తోడబుట్టినవాడు ఒక్కడే. వాడి బండి "ఒకటి" అన్నప్పటినుంచి "నాలుగు" అనేదాకా ఆమె మంచినీళ్ళు కూడా తాగేది కాదు. అయినా కోయిల మీట నొక్కాల్సినప్పుడల్లా నొక్కింది. ఒక్కసారి తప్ప.

ఆ రోజు ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం తమ్ముడు స్టేషన్ నుంచి ఫోన్ చేశాడు. పెళ్ళానికి నొప్పులు మొదలయ్యాయని, అమ్మ ఆసుపత్రికి తీసుకెళ్ళిందని, సెలవు రేపటినుంచి గానీ ఇవ్వలేదని చెప్పాడు. గొంతులో భయం, దాని మీద కప్పిన నవ్వు.

"అక్కా, షిఫ్టు మారేదాకా మా కోయిలని కూయనివ్వకు. నీకు పుణ్యముంటుంది."

"నోరు మూసుకుని బండి తుడుచుకోరా," అని నవ్వి ఫోన్ పెట్టేసింది.

కాసేపటికి రెండో ఫోన్ మోగింది. రైలుకట్ట పక్క సందులో పరుపుల గోడౌన్ లోంచి పొగ వస్తోందని ఎవరో ఆవిడ చెప్పింది. కంట్రోలక్క పటం వంక చూసింది. తెల్ల సందు. మార్కెట్టు వైపు నుంచి తిన్నని రోడ్డుంది. మిల్లు వైపు నుంచైతే రైలు గేటు దాటాలి. ఎవరు చూసినా ముందు మార్కెట్టు బండినే పిలుస్తారు. ఆమె చెయ్యి కోయిల మీట దాకా వెళ్ళింది. వేలు దాని మీద ఆనింది కూడా. అక్కడినుంచి పక్కకు జరిగి కప్పని నొక్కింది.

మార్కెట్టులో జనం ఎక్కువ, అక్కడ ఓ బండి సిద్ధంగా ఉండాలి కదా అని మనసుకు చెప్పుకుంది. అది అబద్ధం కాదు. కానీ వేలు జరిగిన క్షణంలో ఆమె మనసులో ఉన్న కారణం అది కాదు. అది ఆమెకు తెలుసు.

మిల్లు బండి "ఒకటి" అంది. తర్వాత రావలసిన "రెండు" రాలేదు. దాని బదులు నిచ్చెన గొంతు వచ్చింది, గేటు పడింది, గూడ్సు పోతోంది అని. అప్పుడైనా కోయిలని నొక్కి ఉండాల్సింది. గూడ్సు ఎంతసేపు పోతుందిలే అనుకుని ఆగింది. కిటికీలోంచి పొగ నల్లబడటం కనిపిస్తోంది. పెట్టె వెనక పెట్టె, ఆ బండికి అంతు లేనట్టుంది. గేటు లేచి, బండి చేరి, "రెండు" అన్న వెంటనే, ఊపిరైనా తీసుకోకుండా "ఏడు" అన్నారు.

అప్పుడు కోయిల కూసింది. తమ్ముడి బండి బయల్దేరింది. అంటే ఆమె వాణ్ణి ఆపిందీ లేదు, మంటని ఆపిందీ లేదు.

తమ్ముడి బండి ఇంకా దారిలో ఉండగానే సెట్లో ఏదో విరిగిన చప్పుడు, తర్వాత నిచ్చెన గొంతు. "సున్నా." అతని నోట ఆ అంకె విన్నది అదే మొదలు. ఆమె పొడుగ్గా మూడు కూతలు వేసింది. మూడు స్టేషన్ల సెట్లూ మూగబోయాయి.

గోడౌన్ లో సరుకు పెట్టే ఇనప అటక కూలి అతని కాలి మీద పడింది. కాలు కదలడం లేదు, పైన ఫోం పరుపులు కరిగి బొట్లుబొట్లుగా కారుతున్నాయి. నిబంధన ప్రకారం ఆమె అంకెల్లో మాట్లాడాలి. ఆమె అంకెలు వదిలేసింది. "నేనున్నాను. ఏ గోడ పక్కనున్నావు? చెయ్యి ఆనించి చెప్పు. వేడిగా ఉందా, చల్లగా ఉందా?" అని అడుగుతూ పోయింది. చల్లగా ఉందన్నాడు. అయితే అది రోడ్డు వైపు గోడని ఆమెకు అర్థమై బయటివాళ్ళకు చెప్పింది. మధ్యలో అతను మాట ఆపేస్తే తిట్టింది. అత్తగారి సంగతి అడిగింది. అతను నవ్వబోయి దగ్గాడు. చివరికి గోడ పగలగొట్టి లోపలికి దూరి అతన్ని లాగినవాళ్ళల్లో మొదటివాడు ఆమె తమ్ముడే.

నిచ్చెన బతికాడు. కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఆ సాయంత్రమే అదే ఆసుపత్రిలో, ఇంకో అంతస్తులో, తమ్ముడికి ఆడపిల్ల పుట్టింది. కంట్రోలక్క ఆ అంతస్తుకూ వెళ్ళింది, ఈ అంతస్తుకూ వెళ్ళింది. పిల్లని ఎత్తుకోమంటే ఇప్పుడు కాదని తలుపు దగ్గరే నిలబడింది. అలసిపోయి ఉంటుందని అందరూ జాలిపడ్డారు.

విచారణ జరిగింది. హద్దు సందు కాబట్టి ఏ బండిని పిలిచినా తప్పు లేదన్నారు. పైగా కంట్రోల్ ఆపరేటరు నిబ్బరంగా మాట్లాడి ఒక ప్రాణం నిలబెట్టిందని సభలో నిలబెట్టి శాలువా కప్పారు. జనం చప్పట్లు కొడుతుంటే ఆమె తేలు కుట్టిన దొంగలా నిలబడింది. ఎవరైనా ఒక్కరు లేచి ఎందుకలా చేశావని అడిగితే బాగుండుననిపించింది. అడుగుతారేమోనని భయమూ వేసింది.

అడిగినవాడు తమ్ముడొక్కడే. అదీ పిల్లకు నాలుగో నెల వచ్చి బోర్లా పడుతున్నప్పుడు, వసారాలో, మొహం పక్కకు తిప్పుకుని.

"మమ్మల్ని ముందెందుకు పిలవలేదక్కా?"

"హద్దు సందు కదరా. ఎవర్ని పిలిచినా ఒకటే."

"నేనన్న మాట వల్లనా?"

"కాదు," అంది ఆమె. అంత చప్పున అనకుండా ఉంటే నమ్మేవాడేమో.

వాడు మళ్ళీ ఎత్తలేదు. ఏడాది తిరక్కుండా దూరపు ఊరికి బదిలీ పెట్టించుకుని పెళ్ళాం పిల్లతో వెళ్ళిపోయాడు. తల్లి కొన్నాళ్ళు అక్కడ, కొన్నాళ్ళు ఇక్కడ. వాడు వచ్చినప్పుడు అక్కాతమ్ముళ్ళు వానల గురించి, పిల్ల చదువు గురించి, అమ్మ మోకాళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఆ మధ్యాహ్నం మాత్రం ఇద్దరి మధ్యా నివురుగప్పిన నిప్పులా ఉండిపోయింది.

ఇంతలో శాఖ నిచ్చెనకు కొత్త పని ఇచ్చింది. పెట్టుడు కాలితో మెట్లెక్కి అతను వచ్చి కూర్చున్నది ఆమె పక్క కుర్చీలోనే.

అతనికి పని నేర్పాల్సింది ఆమె. మీటలు చూపించింది, పటం చూపించింది. కోయిల మీట దగ్గరకు వచ్చేసరికి పేరు మాత్రం చెప్పి పక్కదానికి వెళ్ళిపోయింది. అతను మాత్రం కొత్త ఉద్యోగంలో చేరినవాడిలా హుషారుగా ఉన్నాడు. గదిలోకి ఎవరొచ్చినా, టీ ఇచ్చేవాడు వచ్చినా, పై ఆఫీసరు వచ్చినా ఒకటే పాట. "ఈ అక్క గొంతు లేకపోతే ఈ పాటికి నా ఫోటోకి దండ వేసేవాళ్ళు." ఆ మాట విన్నప్పుడల్లా ఆమె ఏదో ఒక తీగ సర్దుతూ తల వంచుకునేది. నిచ్చెన పెళ్ళాం ఇంట్లో ఏది వండినా ఆమెకో గిన్నె పంపేది. తినకపోతే కారణం చెప్పాలి, తింటే గొంతు దిగదు. తినేది.

ఏళ్ళు అలాగే గడిచాయి. వాళ్ళిద్దరూ కలిసి శాఖలో ఓ పెద్ద మార్పు తెచ్చారు కూడా. పక్క ఊరి బండ్లు సాయానికి వచ్చినప్పుడు వాళ్ళ "నాలుగు" వేరు, వీళ్ళ "నాలుగు" వేరు అయ్యేది. ఇక్కడ అదుపులో ఉందని చెబితే అక్కడ నీళ్ళు అయిపోయాయని వినేవాళ్ళు. ఓసారి అందువల్ల పెద్ద ప్రమాదం త్రుటిలో తప్పింది. అప్పుడు నిచ్చెన పట్టుబట్టాడు, అంకెలు తీసేసి మామూలు మాటల్లోనే చెప్పుకోవాలని. చర్చ జరిగిన చోట లేచి, "నేను చావుబతుకుల్లో ఉన్నప్పుడు ఈవిడ నాతో అంకెల్లో మాట్లాడలేదు, మనిషిలా మాట్లాడింది" అన్నాడు. అంతే, ఇంకెవరూ వాదించలేదు. "సున్నా" ఒక్కటీ, మూడు కూతలూ ఉంచి మిగిలినవి తీసేశారు. పాతవాళ్ళు మాత్రం చాలా రోజులు అలవాటు తప్పక "ఒకటి" అనేసి, నాలుక కరుచుకుని, "అదే, బయల్దేరాం" అనేవాళ్ళు. అందరూ కంట్రోలక్కని మెచ్చుకున్నారు. మెప్పు పెరిగినకొద్దీ లోపలి ముల్లు ఇంకాస్త దిగింది.

తర్వాత కంప్యూటరు వచ్చింది. ఇక మీటలుండవు, ఫోను రాగానే ఏ బండి దగ్గరో యంత్రమే చూసుకుని స్టేషనును పిలుస్తుందని చెప్పారు. అందుకోసం సందు సందుకీ ఏ స్టేషను దగ్గరో ముందే నింపాలి. ఓ ఇంజనీరమ్మాయి వచ్చి ఇద్దరి మధ్యా కూర్చుంది. ఆమె ఒక్కో హద్దు సందు పేరు చదివితే నిచ్చెన జవాబు చెబుతున్నాడు. పరుపుల గోడౌన్ ఉన్న సందు వచ్చింది.

"అది మార్కెట్టు వాళ్ళదేనమ్మా. తిన్నని రోడ్డు. మిల్లు నుంచైతే గేటు అడ్డం కదా," అన్నాడు నిచ్చెన, ఆలోచించకుండానే.

అని ఆగిపోయాడు. ఇంజనీరమ్మాయి నింపుకుని తర్వాతి సందు చదివింది. మిగిలినవి కంట్రోలక్కే చెప్పింది. ఆ పిల్ల వెళ్ళిపోయాక అతను కుర్చీ ఇటు తిప్పాడు.

"అక్కా, ఆ రోజు మార్కెట్టు బండి ఎక్కడుంది?"

ఆమె బల్ల మీది కాగితాలు సర్దసాగింది.

"వేరే మంటకి వెళ్ళి అటునుంచి వచ్చారనుకున్నాను ఇన్నాళ్ళూ. అందుకే ఆలస్యమైందనుకున్నాను."

"స్టేషన్లోనే ఉంది," అంది ఆమె. ఆ రెండు ముక్కలతో వదిలేయొచ్చు. విచారణలో అన్నట్టు హద్దు సందు అనొచ్చు. కానీ ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఒకడు అడిగాడు, ఆ అడిగినవాడు ఇతను. తమ్ముడి ఫోను, మరదలి నొప్పులు, వేలు జరగడం, గూడ్సు పోతున్నప్పుడు ఊరుకోవడం, అన్నీ వరసగా చెప్పింది. ఏడవలేదు. తనకి ఏడ్చే హక్కు లేదనిపించింది.

నిచ్చెన పటం వంక ఒకసారి చూశాడు. తర్వాత చేతికర్ర అందుకుని లేచి బయటికెళ్ళాడు. మెట్ల మీద పెట్టుడు కాలి చప్పుడు కిందిదాకా వినబడింది.

మర్నాడు మామూలుగానే వచ్చాడు. మామూలుగానే కూర్చున్నాడు. "మిల్లు బండి చేరింది మేడం. మీరు రాసుకోండి," అన్నాడు. అంతకుముందు ఆమె అతనికి ఎప్పుడూ "నువ్వు", "అక్క". ఆ "మేడం" చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా పని మాటలే. ఫలానా చోట పొగ, ఫలానా బండి బయల్దేరింది, అందింది, సరే. పక్కపక్క కుర్చీల్లో కూర్చుని, సెట్టులో మాట్లాడుకునే పరాయి స్టేషన్లవాళ్ళలా ఉన్నారు. ఇంటినుంచి గిన్నె రావడం ఆగిపోయింది. టీ ఇచ్చేవాడితో కూడా అతను పాత పాట పాడటం మానేశాడు. ఏమైందని ఆఫీసరు అడిగితే ఇద్దరూ ఏమీ లేదన్నారు.

ఆమె ఉద్యోగం మానేద్దామనుకుంది. మానేస్తే అది తనకి తేలిక, అతనికి కాదు. అతను మొహం తిప్పుకోవడానికైనా తాను ఎదురుగా ఉండాలనిపించి, రోజూ వచ్చి కూర్చుంది.

కొత్త యంత్రం పెట్టిన మొదట్లో అది రోజుకోసారి పడుకునేది. పడుకున్నప్పుడు పాత మీటలే దిక్కు. అలా ఓ ఉదయం యంత్రం ఆగి ఉండగా, మార్కెట్టు వెనక ప్లాస్టిక్ షెడ్డు అంటుకుందని ఫోన్ వచ్చింది. ఫోన్ తీసింది నిచ్చెన. మార్కెట్టు స్టేషన్లో ఆ ఏడే చేరిన ఆడపిల్ల ఒకతె ఉంది. నిచ్చెన చిన్నకూతురు. తండ్రికి అలా అయినా సరే, లేక అలా అయినందుకేనో, పట్టుబట్టి చేరింది. ఆ ఉదయం ఆ పిల్ల బండి మీదే ఉందని ఇద్దరికీ తెలుసు.

నిచ్చెన చెయ్యి కోయిల మీట మీదికి వెళ్ళి ఆగింది. కంట్రోలక్క చూసింది. ఆ ఆగడం ఆమెకు బాగా తెలుసు. ఇంకో లిప్త ఆగితే తానే నొక్కుదామని చెయ్యి చాపబోయింది. ఈలోగా అతను నొక్కేశాడు. సన్నటి స్వరం లేచింది. చిరునామా చెబుతున్నప్పుడు అతని గొంతు ఎక్కడా తొణకలేదు. "బయల్దేరాం" అన్నది కూతురి గొంతే.

మంట పెద్దదే. షెడ్డు కప్పు కూలింది గానీ, అప్పటికే అందరూ బయటికొచ్చేశారు. "అదుపులో ఉంది, కంట్రోల్" అని ఆ పిల్ల గొంతు వినిపించేదాకా గదిలో గోడ గడియారం తప్ప ఏదీ కదల్లేదు. విన్నాక నిచ్చెన మైకు పక్కన పెట్టి, అరచేతులు బల్లకేసి ఆనించాడు.

"నా చెయ్యి ఆగింది. చూశావుగా," అన్నాడు, ఆమె వంక చూడకుండా.

"చూశాను."

"ఆగినా నొక్కాను."

"అవును."

"నువ్వూ నొక్కాల్సింది."

"నొక్కాల్సింది," అంది కంట్రోలక్క.

తనలాగే అతని చెయ్యీ ఆగింది కాబట్టి ఇక అర్థం చేసుకుంటాడని, ఆ ఆగిన లిప్తలో ఆమె మనసు ఎక్కడో ఆశపడింది. ఆశపడినందుకు ఇప్పుడు సిగ్గేసింది. అతను అర్థం చేసుకున్నాడు. చేసుకున్నాడు కాబట్టే అంత సూటిగా తప్పు చూపించగలిగాడు. విచిత్రమేమిటంటే ఆ మాట పడ్డాకే ఆమె ఆ గదిలో చాన్నాళ్ళ తర్వాత నిండా ఊపిరి పీల్చుకుంది. శాలువా కప్పినవాళ్ళెవరూ ఆమెకు ఇవ్వలేనిది అదే. ఆమె చేసిన పనిని దాని పేరుతో పిలిచే మనిషి.

ఆ రోజునుంచి మళ్ళీ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. "మేడం" పోయింది. "అక్క" మాత్రం చాన్నాళ్ళు తిరిగి రాలేదు. "ఇదిగో", "చూడు" అని లాక్కొచ్చేవాడు.

ఆ వారమే ఆమె తమ్ముడికి ఫోన్ చేసింది. నిచ్చెనతో అన్నీ చెప్పేశానని, అప్పట్లో నీతో కాదని అబద్ధమాడానని చెప్పింది. తర్వాత తమ్ముడు, ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది అన్నాడు. నువ్వు సరదాకి అన్నావు, నేను నిజంగా చేశాను, రెండూ ఒకటి కాదురా అంది ఆమె. వాడు వినలేదు. సెలవు పెట్టి వచ్చాడు. జుట్టు నెరిసి, నడుము కాస్త వంగి ఉన్నాడు. నిచ్చెన ఇంటికి తీసుకెళ్ళమన్నాడు.

ఓ ఆదివారం పొద్దున ఇద్దరూ వెళ్ళారు. నిచ్చెన వాకిట్లో కుర్చీ వేసుకుని పెట్టుడు కాలి పట్టీకి నూనె రాస్తున్నాడు. తనను మంటలోంచి లాగిన చేతులు కాబట్టి తమ్ముణ్ణి చూడగానే లేవబోయాడు. తమ్ముడు లేవనివ్వలేదు. గడప మీద కూర్చుని, ఆ రోజు ఫోన్లో తానన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాడు. నిచ్చెన విని, అలాంటి మాట మేమందరం అన్నవాళ్ళమేనోయ్ అన్నాడు. పెళ్ళిరోజనీ, సినిమా టిక్కెట్లున్నాయనీ కప్పని కూయనివ్వొద్దని తానే ఎన్నోసార్లు బతిమాలానన్నాడు. "అప్పుడు ఈవిడ తిట్టి నొక్కేది," అన్నాడు. అది వేళాకోళమో నిందో కంట్రోలక్కకు తెలియలేదు. రెండూ అయి ఉండొచ్చు.

ఇంతలో అతని పెళ్ళాం తలుపు దగ్గరికొచ్చింది. గిన్నెలు పంపిన మనిషి. కంట్రోలక్క నిలబడింది. ఆవిడ ఇద్దర్నీ చూసి లోపలికెళ్ళి రెండు గ్లాసుల్లో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"రోజూ పొద్దున ఆయన ఆ కాలు తగిలించుకుంటుంటే చూసేదాన్ని నేను. క్షమించానని చెప్పడానికి నాకు మనసొప్పదమ్మా, అబద్ధం చెప్పలేను," అంది నెమ్మదిగా. "ఎండలో పడి వచ్చారు. లేచి వెళ్ళమని మాత్రం అనను. కూర్చోండి."

కూర్చున్నారు. తమ్ముడూ నిచ్చెనా కొత్త బండ్ల పంపుల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కంట్రోలక్క నీళ్ళు తాగి, గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని, వాళ్ళ మాటలు వింటూ మధ్యాహ్నం దాకా అక్కడే ఉంది.